సాకెట్ ఉన్న చోటే మా మజిలీ: నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఎలక్ట్రిక్ కారులో

హైదరాబాద్ నుంచి విజయవాడకో కర్నూలుకో ఎలక్ట్రిక్ కారులో వెళ్లడం ఇప్పుడు పెద్ద విశేషమేం కాదు. 65వ నంబరు హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, 44వ నంబరు మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట. ఏదో ఒక హోటల్ ముందో పెట్రోల్ బంకులోనో ఫాస్ట్ ఛార్జర్ దొరుకుతూనే ఉంటుంది. ఈ రెండు రోడ్లకూ మధ్యలో ఉన్న ప్రాంతం సంగతే వేరు. దేవరకొండ, డిండి, అచ్చంపేట, మన్ననూరు, కొల్లాపూర్. తీరిగ్గా చూడాల్సినవన్నీ అటే ఉన్నాయి, ఛార్జర్లు మాత్రం తక్కువ. దసరా అయ్యాక మేం నల్లగొండ నుంచి బయల్దేరి నాగార్జునసాగర్, అమ్రాబాద్ అడవి, సోమశిల, అలంపూర్, జూరాల, మహబూబ్‌నగర్ చుట్టి వచ్చింది ఆ దారుల్లోనే. నేను, మా ఆవిడ, అమ్మ, ఇంటర్ చదివే మా అబ్బాయి.

బండి నెక్సాన్ ఈవీ, 45 యూనిట్ల బ్యాటరీ. కంపెనీ కాగితం మీద 489 కిలోమీటర్లు. నలుగురం కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని, ఏసీ పెట్టుకుని ఊళ్ల మధ్య రోడ్ల మీద 70, 80 వేగంతో పోతే యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చింది. హైవే ఎక్కి వంద దాటించగానే అది ఐదున్నరకు పడిపోయింది. అంటే నిండా ఛార్జ్ ఉన్న బండి ఒక రోడ్డు మీద 300 పైన పోతుంది, ఇంకో రోడ్డు మీద 250 దగ్గరే ఆగుతుంది. సన్న రోడ్లలో ఛార్జర్లు లేవని భయపడతాం గానీ బ్యాటరీ ఎక్కువ దూరం వచ్చేది ఆ రోడ్ల మీదే.

బయల్దేరే ముందు పానగల్లు వెళ్లాం. నల్లగొండ వాళ్లం అయ్యుండీ ఛాయా సోమేశ్వరాలయాన్ని బంధువులు వచ్చినప్పుడే చూస్తాం. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడే ఉంటుంది. నీడ ఒక స్తంభానిదే అనిపిస్తుంది గానీ, బయటి స్తంభాల మధ్య నుంచి వెలుతురు ఏయే దిక్కుల నుంచి లోపలికి వస్తుందో అందులోనే కిటుకంతా ఉంది. మా వాడు చెయ్యి అడ్డం పెట్టి అరగంట ప్రయోగాలు చేశాడు. పక్కనే పచ్చల సోమేశ్వరాలయం, దానికి ఆనుకుని మ్యూజియం.

సాగర్ అక్కడికి అరవై కిలోమీటర్ల పైచిలుకు. బ్యాటరీలో ఐదో వంతు కంటే పెద్దగా ఖర్చు కాలేదు. రిజర్వాయర్ ఎదురుగా గది కావాలంటే టూరిజం వాళ్ల విజయ్ విహార్ ఉంది, దాన్ని మించిన చూపు సాగర్‌లో ఇంకెక్కడా లేదు. మేం మాత్రం హిల్ కాలనీలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. కారణం ఒక్కటే. ఫోన్‌లో అడిగితే ఓనర్ "కారు పెట్టే కాడనే పెద్ద సాకెట్ ఉన్నది సార్, గీజర్‌ది. వాడుకోండ్రి" అన్నాడు. గది మామూలుగా ఉంది, దుప్పట్లు పలచన, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. కానీ పొద్దున లేచేసరికి బండి నూరు శాతం. ఆ రాత్రి కరెంటుకు 150 తీసుకున్నాడు.

ఈ యాత్ర మొత్తంలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఇదే. మన వైపు తిరగడానికి హైవే మీది 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ కంటే గీజర్‌కు వాడే 16 ఆంపుల సాకెట్ ఎక్కువ పనికొస్తుంది. కారుతో పాటు ఇచ్చే ఛార్జర్ గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కిస్తుంది. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఏడుకు తీస్తే 30 యూనిట్లు, అంటే మర్నాటికి 200 కిలోమీటర్లు. సాగర్ నుంచి మన్ననూరుకైనా, సోమశిల నుంచి అలంపూర్ మీదుగా గద్వాలకైనా అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా, టీవీ ఉందా అని అడిగే అలవాటు మాకు పోయింది. సాకెట్ ఎక్కడుంది, కారు దాని దాకా వస్తుందా, ఎర్తింగ్ ఉందా? ఈ మూడే అడుగుతున్నాం.

సాగర్‌లో చూసినవాటి గురించి క్లుప్తంగా. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు, లాంచీ ఎక్కడానికి ముందే చూసుకోండి. 274 ఎకరాల బుద్ధవనం 2022 మేలో తెరిచారు. పొద్దున్నే వెళ్తే బాగుంటుంది, పదకొండు దాటాక ఆ రాతి నేల మీద అమ్మ నడవలేకపోయింది. డ్యామ్ గురించి కొత్తగా చెప్పేదేముంది, 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాది రాయి వేసిన కథ ప్రతి నల్లగొండ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

అక్కడి నుంచి మల్లేపల్లి, దేవరకొండ, డిండి. దేవరకొండ కోటను కింది నుంచే చూసి కదిలాం. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు ఎక్కాక మన్ననూరు దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్ట్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు. పెట్రోల్ కారు వాళ్లకు ఇది సమయం లెక్క మాత్రమే. మనకు కరెంటు లెక్క కూడా. సాయంత్రం ఏ ఛార్జర్ దగ్గరో గంట ఆగాల్సి వస్తే ఆ రాత్రి గేటు ఇవతలే గడపాలి.

ఘాట్ రోడ్డంటే చాలామందికి బ్యాటరీ ఒక్కసారిగా కరిగిపోతుందని భయం. లెక్క వేస్తే అంత లేదు. మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని వంద మీటర్లు పైకి ఎక్కించడానికి దాదాపు అర యూనిట్ చాలు. 500 మీటర్లు ఎక్కినా రెండున్నర యూనిట్లు దాటదు, అది కూడా మామూలు ఖర్చుకు అదనంగా. దిగేటప్పుడు అందులో సగానికి పైనే మోటారు తిరిగి బ్యాటరీకి ఇస్తుంది. దోమలపెంట నుంచి కృష్ణ వైపు దిగుతుంటే శాతం పెరగడం చూసి అమ్మ "దిగితే డబ్బులు వాపస్ ఇస్తుందా?" అని అడిగింది. ఇక ఘాట్ గురించి ఆమెకు టెన్షన్ లేదు.

మన్ననూరులో మా బస ఒక ప్రైవేటు ఇంటి మేడ మీద. అక్కడే అసలు తంటా. సాకెట్ పెద్దదే, కరెంటూ ఉంది, కానీ ఛార్జర్ పెట్టగానే ఎర్ర లైటు. టీవీకీ ఫ్రిజ్‌కూ ఎర్తింగ్ సరిగ్గా లేకపోయినా నడుస్తాయి, ఎవరూ పట్టించుకోరు. కారు ఛార్జర్ పట్టించుకుంటుంది. ఎర్త్ తగలకపోతే మొండికేస్తుంది, అది మన ప్రాణం కోసమే. ఇంటాయన వాళ్ల మేనల్లుడిని పిలిచాడు, ఆ కుర్రాడు ఊళ్లో వైరింగ్ పనులు చేస్తాడట. టెస్టర్ పెట్టి చూసి, ఇంటి వెనక ఎర్త్ గుంత వెతికి, "ఎండిపోయింది మామా, నీళ్లు పొయ్యాలె" అన్నాడు. రెండు బకెట్లు నీళ్లు, దోసెడు ఉప్పు. పది నిమిషాల తర్వాత పెడితే పచ్చ లైటు. ఆ కుర్రాడు డబ్బులు తీసుకోనన్నాడు, కారులో ఒక రౌండ్ తిప్పమన్నాడు. ఇంకోమాట, సన్న ఎక్స్‌టెన్షన్ వైర్లతో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. రాత్రంతా 14, 15 ఆంపులు పోవాలి, మామూలు వైరు కరిగిపోతుంది.

అడవిలో ఫరహాబాద్ వైపు వెళ్లడానికి అటవీ శాఖ వాహనమే ఎక్కాలి. మల్లెల తీర్థానికి వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరగాలి, మెట్లు చాలా దిగాలి, వానాకాలం పోయిన కొత్తల్లోనే నీళ్లు బాగుంటాయి. అమ్మ పైనే కూర్చుంది. తిరుగుదారిలో అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం. కొండ చరియ కింద గుడి, చల్లగా ఉంటుంది, ఆమెకు శ్రీశైలం కంటే ఇదే నచ్చిందట.

సోమశిల అందమే అందం. కృష్ణ అంత వెడల్పుగా, అంత నెమ్మదిగా తెలంగాణలో ఇంకెక్కడా కనిపించదు. అయితే వారాంతంలో పోకండి, ఘాట్ దగ్గర కార్లే కార్లు, ప్లాస్టిక్ గ్లాసులు. కొల్లాపూర్‌లో మధ్యాహ్నం భోజనం చేసిన చోట ఓనర్‌ను అడిగి గంటన్నర సాకెట్ వాడుకున్నాం. పది శాతం పెరిగింది. పెద్దగా ఏం కాదు, కానీ అలంపూర్ దాకా ఆలోచన లేకుండా పోవచ్చు.

పెబ్బేరు దగ్గర 44వ నంబరు హైవే ఎక్కాక ఫాస్ట్ ఛార్జర్ల లోకంలోకి వచ్చాం. యాత్ర మొత్తంలో విసుగు పుట్టించింది కూడా ఇక్కడే. ఒక స్టేషన్‌లో యాప్ "ఖాళీ" అంటుంది, వెళ్తే స్క్రీన్ చీకటి. ఇంకో చోట గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) పెట్టాక నాలుగు నిమిషాలకు ఆగిపోయింది, యాప్ వాలెట్‌లో వేసిన 500 అందులోనే ఉండిపోయాయి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగు లేదు. మూడో చోట రెండు గన్‌లు ఉన్నాయి, రెండింటికీ బండ్లు పెడితే 60 కిలోవాట్లు చెరిసగం అవుతాయని బోర్డు మీద ఎక్కడా రాయలేదు. పక్క బండాయన 94 శాతం దగ్గర కూడా కదలడు. 80 దాటాక బ్యాటరీ తనంతట తానే నెమ్మదిగా తీసుకుంటుంది. చివరి ఇరవైకి పట్టే టైమ్‌లో వెనకాల ఉన్నవాడి బండి సగం నిండుతుంది. అడిగితే "నేను బెంగళూరు పోవాలి బ్రదర్" అన్నాడు. అందరం ఎక్కడికో అక్కడికి పోవాల్సిందే కదా.

జడ్చర్ల వైపు ఒక బంకులో మాత్రం కుర్రాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు, గన్ తనే పెడతాడు, పైన రేకుల షెడ్డు, బాత్రూమ్ కడిగి ఉంది. అది 30 కిలోవాట్లే. అయినా నా లెక్కలో అదే ఈ రోడ్డు మీద మంచి స్టేషన్. వేగం సంగతి తర్వాత, మనిషి ఉన్న చోట మిషన్ పనిచేస్తుంది.

హైవే ఛార్జర్ల దగ్గర యూనిట్ 20 రూపాయల పైనే, దాని మీద 18 శాతం జీఎస్టీ. కిలోమీటరుకు మూడున్నర, నాలుగు పడింది. బసల్లో రాత్రి ఎక్కించినదానికి ఒకటిన్నర కూడా కాలేదు. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారుకు ఏడు దాకా అవుతుంది కాబట్టి ఎలా చూసినా నష్టం లేదు, కానీ హైవే మీదే తిరిగేవాళ్లు అమ్మేవాళ్లు చెప్పినంత మిగులు ఆశించవద్దు.

అలంపూర్‌కు ఒక పూట కేటాయించండి. నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మవి, లోపల ఉన్నది శివుడు. బాదామి చాళుక్యుల నాటి కట్టడాలు, ఏడో శతాబ్దం నుంచి తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. జోగులాంబ గుడి 2005లో మళ్లీ కట్టింది. దగ్గర్లోనే శ్రీశైలం ముంపు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది, జనం జోగులాంబను చూసి అటు రాకుండానే వెళ్లిపోతారు. జూరాల డ్యామ్ దగ్గర చేపల వేపుడు గురించి ఎంత విన్నామో అంత బాగుంది, మా వాడు రెండోసారి తెప్పించుకున్నాడు.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి. మ్యాప్‌లో కొడితే ఒక్కోసారి సూర్యాపేట దగ్గరున్న పిల్లలమర్రికి దారి చూపిస్తుంది, అవి కాకతీయుల గుళ్లు, ఇది మర్రిచెట్టు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగాక చెట్టుకు సెలైన్ బాటిళ్లు కట్టి చెదల మందు ఎక్కించారు. ఇప్పుడు పచ్చగా ఉంది, దూరం నుంచి చూడాలి. పక్కన మ్యూజియం చిన్నదే, విగ్రహాలు మాత్రం మంచివి.

ఇక్కడ మేం దిగిన లాడ్జి ఓనర్ పొద్దున టీ తాగుతూ మా ఛార్జర్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. పార్కింగ్‌లో మూడు సాకెట్లు పెట్టిద్దామనుకుంటున్నాడట, ఎంత తీసుకోవాలో తెలియడం లేదట.

"సబ్ మీటర్ పెట్టించు అన్నా, యూనిట్‌కు పన్నెండు తీసుకో" అన్నాను.

"పన్నెండా? హైవే మీద ఇరవై తీస్తుండ్రు గదా?"

"వాళ్లు అరగంటలో ఇస్తారు. నువ్వు రాత్రంతా టైమ్ తీసుకుంటావు."

"పదిహేను," అన్నాడు. "టిఫిన్ ఫ్రీ."

పదిహేను, టిఫిన్ ఫ్రీ అయితే నాకు అభ్యంతరం లేదు. దారిలో బాలానగర్ సీతాఫలాల కోసం జడ్చర్ల దాటి కాస్త ముందుకు పోవాలని మా ఆవిడ పట్టు. బుట్ట 400 చెప్పి 250కి ఇచ్చారు.