ఫ్లెక్సీ టికెట్, ఉచిత రద్దు, ప్రయాణ బీమా: ఏది పనికొస్తుంది?

కోవిడ్‌కు ముందు సెలవులకు బుక్ చేసేవాళ్లు చూసింది రేటు, హోటల్ ఎక్కడుందన్నదీ. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించాక, వెళ్లలేకపోతే డబ్బు వెనక్కొస్తుందా అన్నదే మొదటి ప్రశ్నయింది. ఆ భయానికి మందంటూ అమ్ముతున్న మూడింటిలో మా ఓటు ఉచిత రద్దు ఉన్న గదికే.

ప్రయాణ తేదీ మార్చుకోవచ్చంటూ అమ్మే విమాన టికెట్టే ఫ్లెక్సీ టికెట్. దానికి పేరు గొప్ప. చాలావాటిలో మాఫీ అయ్యేది తేదీ మార్పు రుసుమొక్కటే, ఛార్జీలో తేడా మన నెత్తినే. వందకు కొన్న సీటు కొత్త తేదీకి నూట అరవై పలికితే ఆ అరవై కట్టాల్సిందే. ఎనభైకి దిగితే మాత్రం ఇరవై తిరిగి రావడం అరుదు. రద్దు చేసుకుంటే తరచూ చేతికొచ్చేది వోచరే. దాని గడువు టికెట్ కొన్న రోజు నుంచి లెక్కిస్తారా, రద్దు చేసిన రోజు నుంచా అన్నది ముందే చూసుకోవాలి. కొన్న రోజు నుంచైతే, ఆరు నెలల ముందు బుక్ చేసినవాళ్లకు ఏడాది వోచర్లో సగం అప్పటికే హుష్‌కాకి. గడువులోగా బుక్ చేస్తే చాలా, ప్రయాణం కూడా ముగించాలా అన్నది ఇంకో మెలిక.

విమానం ఆగిపోయేలా ఉంటే తొందరపడి మీరే రద్దు నొక్కకండి. మీరు చేస్తే టికెట్ షరతులే దిక్కు. సంస్థే రద్దు చేస్తే చాలాచోట్ల చట్టం మీ వైపుంటుంది. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం 7 రోజుల్లో డబ్బివ్వాలి, ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే వోచర్.

గది విషయం సులువు. హోటల్ ఇచ్చిన రద్దు గడువు దాటనంతవరకు పైసా పోదు. ఆ గడువు హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం నడుస్తుందన్నది మరిచిపోయి చివరి రాత్రి రద్దు చేసేవాళ్లే నష్టపోతారు. అదే గది కాస్త తక్కువ రేటుకు పక్కనే కనిపిస్తే అది వాపసు లేనిదే అయ్యుంటుంది.

బీమా అన్నిటికన్నా చిక్కు. మామూలు పాలసీ రాసున్న కారణాలకే డబ్బిస్తుంది. వెళ్లడానికి భయమేసిందంటే ఇవ్వదు. వ్యాధి ప్రబలిందని తెలిశాక కొన్నా సాధారణంగా ఇవ్వదు. కారణం అడక్కుండా ఇచ్చే అదనపు కవరు కొన్ని దేశాల్లో దొరుకుతుంది, కానీ వచ్చేది ఖర్చులో 50 నుంచి 75 శాతమే. మొదటి చెల్లింపు జరిగిన 14-21 రోజుల్లోపు కొనాలి, ముందే కట్టిన మొత్తమంతా బీమాలో చూపాలి, బయలుదేరడానికి సాధారణంగా 48 గంటల ముందే రద్దు చేయాలి. ప్రయాణం రేపనగా కోవిడ్ పాజిటివ్ వస్తే ఈ కవరు అక్కరకు రాదు. అప్పుడు మూల పాలసీలోని అనారోగ్యం క్లాజే గతి. దానికి ప్రయాణం వద్దని డాక్టర్ రాసిన కాగితం కావాలి, ఇంట్లో చేసుకున్న కిట్ ఫోటో మామూలుగా చాలదు.