ఉజ్జీవ సభలా, గృహ కూటాలా? చల్లబడ్డ సంఘానికి ఏది మేలు

దసరా దాటిందంటే మా పాస్టర్ల నెలవారీ కూడికలో ఒకటే ప్రశ్న. టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. "అన్నా, సంఘం చల్లవడ్డది. జనవరిల సభలు వెడుదామా, ఇండ్లల్ల కూటాలు వెడుదామా?" చల్లబడటమంటే విశ్వాసుల్లో ఆసక్తి తగ్గడం. మొన్న నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు కూడా ఇదే అడిగాడు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు రాసి పెడదామనిపించింది. రెండూ చేసినవాణ్ణి. ఒకదాని అప్పు తీర్చినవాణ్ణి కూడా.

మాది పరకాల రోడ్డు మీద ఒక ఊరు. రిజిస్టర్‌లో 62 కుటుంబాలు. ఆదివారం ఆరాధనకు వచ్చేది సగం కంటే కొంచెం ఎక్కువ, పత్తి ఏరే రోజుల్లో అంత కూడా ఉండదు. నిరుడు జనవరిలో టెంట్ వేసి, బయటి ప్రసంగీకుణ్ణి పిలిచి మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టాం. నిరుడు జూన్ నుంచి గృహ కూటాలు, అంటే వారానికో ఇంట్లో కూడి వాక్యం చదివి ప్రార్థన చేసుకోవడం, నడుస్తున్నాయి.

సభల్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. నేను ప్రభువును తెలుసుకున్నదే కాజీపేటలో అలాంటి సభలో. పందొమ్మిదేళ్ళ వయసు. ఆ రాత్రి జనంలో చెప్పులు పోగొట్టుకుని, ఉత్త కాళ్ళతో ఇంటికి నడిచొచ్చాను. ఎనిమిది కుటుంబాలే ఉన్న పల్లె సంఘం వాళ్ళు ట్రాక్టర్ ఎక్కి వచ్చి, వందల మంది మధ్య నిలబడి పాడితే వాళ్ళ ముఖాల్లో వచ్చే వెలుగు నేను చూశాను. ఏ పాస్టరూ ఊళ్ళో ఉండి ఆ ధైర్యం ఇవ్వలేడు. ఆదివారం చర్చి గడప తొక్కని మేనమామ కూడా సభకు వస్తాడు. బండి స్టాండు వేసి దాని మీదే కూర్చుని వింటాడు, అయినా వింటాడు. యూత్‌కు చేతినిండా పని దొరుకుతుంది. కుర్చీలు మోసిన కుర్రాడు తర్వాత నాలుగు ఆదివారాలైనా వదలకుండా వస్తాడు.

ఇక ఖర్చు. మా మూడు రోజులకు లక్షా నలభై వేలు దాటింది. టెంట్, మైకు, లైట్లు, ఫ్లెక్సీలు, వచ్చినవాళ్ళందరికీ భోజనం, ప్రసంగీకుడి కారు, ఆయన కానుక, కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్ళ డబ్బులు. కానుకలు వచ్చింది 86 వేలు. మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం, ఆగస్టులో తీరింది. ఆ ఏడు నెలలూ నా ప్రసంగాలు ఎటు పోయినా చివరికి దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, దగ్గరే తేలేవి. ఒక పెద్దమ్మ నవ్వుతూనే అంది: "అయ్యగారూ, ఈ నడుమ మలాకీ గ్రంథం దాటి పోతలేరు." దశమ భాగం తెమ్మనే మాట ఉన్నది ఆ గ్రంథంలోనే. ఆమె అన్నది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అప్పు కంటే ఎక్కువ బాధపెట్టింది చీటీలు. మూడో రాత్రి ప్రార్థన మనవులు రాసి ఇమ్మని ప్రసంగీకుడు చెప్పాడు. జనం చిన్న చిన్న కాగితాల మీద రాసి తెచ్చి స్టీలు బేసిన్‌లో వేశారు. ఆయన బేసిన్ మీద చేతులుంచి కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు. అది నటన అని నేను అనను. తర్వాత టెంట్ విప్పే హడావిడిలో ఆ చీటీల్ని ఒక ప్లాస్టిక్ కవరులో వేసి ఇంట్లో బీరువా మీద పెట్టాను. మే నెలలో కరెంటు బిల్లు వెతుకుతుంటే కవరు కింద పడింది. కింద కూర్చుని ఒక్కొక్కటీ విప్పాను. ఒకదాని మీద చేతిరాత గుర్తుపట్టాను, ఎవరిదో చెప్పను. "ఇంట్ల మల్ల తాగుడు మొదలైంది. ఎవ్వరికి చెప్పద్దు అయ్యగారు." జనవరిలో రాసింది. ఆ నాలుగు నెలలూ ప్రతి ఆదివారం ఆ ఇంటాయనకు వందనాలు చెప్పి, చెయ్యి కలిపి, బాగున్నారా అని అడుగుతూనే ఉన్నాను. బాగున్నా అనే చెప్పాడు.

తప్పు సభలది కాదు, నాది. చీటీలు తీసుకున్నది నేను, చదవనిది నేను. కానీ సభల పద్ధతిలోనే అలాంటి తప్పు చేయడం చాలా సులువు. నాలుగో రోజు పొద్దునకు ప్రసంగీకుడు వేరే జిల్లాలో ఉంటాడు. పాస్టర్ లెక్కల్లో మునిగి ఉంటాడు. జనానికి ఆ మూడు రోజులు పరిచయమైన గొంతు నాది కాదు. తర్వాత మూడు వారాలు నా ప్రసంగం అయ్యాక ఆయన పేరు చెప్పి మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. పాస్టర్లకు ఇది బయటికి చెప్పుకోలేని దెబ్బ, అందుకే రాస్తున్నాను.

ఆ చీటీలు చదివిన రాత్రే ఒక నోటు బుక్కు తీశాను. 62 కుటుంబాల పేర్లూ వరసగా రాసి, ఒక్కో పేరు ఎదురుగా ఆ ఇంట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో ఒక్క వాక్యం రాయాలనుకున్నాను. "దేవుని కృపతో బాగున్నారు" లాంటివి లెక్కకు రావు. కూతురి సంబంధం తప్పిపోయింది, ట్రాక్టర్ కిస్తీ ఆగింది, అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదు, అలాంటిది ఉండాలి. పదకొండున్నర దాకా కూర్చున్నాను. 23 పేర్ల ఎదురుగా ఏమీ రాయలేకపోయాను. పన్నెండేళ్ళుగా ఆ సంఘానికి కాపరిని.

సభలా, కూటాలా అన్నప్పుడు నేను చూసేది ఇదే. నాలుగు నెలలు గడిచాక ఆ నోటు బుక్కులో ఖాళీలు ఎన్ని మిగిలాయి? సభలు ముగిసిన నాలుగు నెలలకు నా ఖాళీలు 23. కూటాలు మొదలైన నాలుగు నెలలకు ఆరు. వాటిలో రెండు కుటుంబాలు హైదరాబాద్‌లో ఉంటున్నాయి.

గృహ కూటంలో ఏం జరుగుతుందో ఒకటి చెప్తాను, ఆ ఇంటాయనను అడిగే రాస్తున్నాను. నిరుడు డిసెంబరు. ఇంట్లో సగం గది పత్తే, పైకప్పు దాకా. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రేటు పెరుగుతుందని ఆపుకున్నారు. పద్నాలుగు మందిమి ఆ కుప్పకు ఆనుకుని కూర్చున్నాం. పిల్లలు పత్తిలోనే పడి నిద్రపోయారు. వాక్యం చదువుతుంటే ఆయన ఒక పత్తికాయ చేతిలోకి తీసుకుని గింజలు ఒలుస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. ప్రార్థన అయి, టీ తాగి, అందరూ చెప్పులు తొడుక్కుంటున్నారు. అప్పుడు నా వెనకాలే గుమ్మం దాకా వచ్చి చిన్నగా అన్నాడు: "ముందల వరసల కూసుంటడు సూడుండ్రి, ఆయనకే నేను బాకి. ఆయన మొకం ఎట్ల సూడాలె? గందుకే అయితారాలు రాలేక పోతున్న."

ఆయన రాకపోవడానికి నేను ఎన్ని కారణాలు ఊహించానో! లోకంలో పడిపోయాడని, ఆత్మీయంగా చల్లారాడని, ఒక ప్రసంగంలో పేరు ఎత్తకుండా ఆయన గురించే మాట్లాడానని కూడా గుర్తొచ్చింది. విషయం పద్దెనిమిది వేల బాకీ. మరుసటి వారం ఇద్దర్నీ కూర్చోబెట్టాను. పత్తి అమ్మేదాకా ఆగుతానని ఆ పెద్దమనిషి ఒప్పుకున్నాడు. సంక్రాంతి తర్వాత రెండో ఆదివారం ఈయన కుటుంబంతో వచ్చాడు. వెనకే కూర్చున్నాడు, సరే. మైకులో చెప్పే వాక్యం గుమ్మం దాకా వచ్చి చెవిలో చెప్పే మాటను బయటికి తీయగలిగేది కాదు. నేను కూటాల వైపు మొగ్గింది ఆ రాత్రే.

సభల స్టేజీ మీద తప్పకుండా వినిపించే ఒక చరిత్ర ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. "అలాంటి ఉజ్జీవం మళ్ళీ రావాలి" అంటారు, నేనూ ఆమెన్ అంటాను. కానీ ఆ రోజుకు ముందు జరిగింది ఎవరూ చెప్పరు. గొప్ప కరువు వచ్చినప్పుడు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బోధకులు ఆ కూలీల మధ్యే ఉన్నారు, వాళ్ళతోనే తిన్నారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. 2,222 అన్న అంకె వెనక అంత నడక ఉంది. ఆ మరుసటి ఏడాదే, 1879లో, మన హనుమకొండలో బాప్టిస్టు మిషన్ మొదలైంది. ఇటు డోర్నకల్‌లో అజరయ్య 1912లో బిషప్ అయితే, అక్కడి కథీడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) ప్రతిష్ఠ జరిగింది 1939లో. మధ్యలో పాతికేళ్ళకు పైనే. ఆ ఏళ్ళలో పని నడిపింది పల్లెల్లో కాపురం ఉన్న ఉపదేశకులు.

కూటాల్లో ఇబ్బందులు లేవని కాదు. మొదటిది తిండి. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు. రెండో ఇంట్లో మిరపకాయ బజ్జీలు. నాలుగో వారానికి చికెన్ బిర్యానీ వచ్చింది. ఐదో వారం పిలవాల్సిన ఇంటామె ఒంట్లో బాలేదని కబురు పంపింది. ఆమెకు ఏ జబ్బూ లేదు, చేతిలో డబ్బు లేదు. అప్పటి నుంచి టీ మాత్రమే అని గట్టిగా చెప్పాం, బిస్కెట్ కూడా వద్దన్నాం. రెండోది సమయం. కూలికి పొద్దున ఆరింటికే ఆటో ఎక్కే మనిషిని రాత్రి పది దాకా కూర్చోబెట్టకూడదు. ఏడున్నరకు మొదలైతే ఎనిమిదిన్నరకు లేవాలి. పాట మధ్యలో ఉన్నా సరే.

ఇక ఏ వాడవాళ్ళు ఏ వాడకు వస్తారన్నది. టెంట్ కింద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కనపడదు. ఇంట్లో అయితే మంచినీళ్ళ గ్లాసు తీసుకుంటారా లేదా అన్నది అందరికీ కనపడుతుంది. మా దగ్గర రెండు కుటుంబాలు ఇప్పటికీ ఒక వాడకు రావడం లేదు. ఆ సంగతి బయటపడటం మంచిదే అనుకుంటాను, కానీ బయటపడ్డాక ఏం చేయాలో నాకు పూర్తిగా తెలిసిందని చెప్పలేను.

కోరుట్ల వైపు సేవ చేసే మిత్రుడు ఇంకోటి చెప్పాడు. అక్కడ చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు గల్ఫ్‌లో ఉంటారు. అయ్యగారు ఒక్కరే వెళ్తే ఊరు ఊరుకోదు. అందుకని అమ్మగారు, అంటే పాస్టర్ భార్య, ముందుంటారు, ఆయన వెనక. ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే వాక్యం వింటారట. చేతులు ఆపమని ఆయన అడగడు.

"కూటం నడిపేవాడే రేపు సంఘం చీల్చుకుని పోతాడు కదా" అని పాస్టర్లు అడుగుతారు. పోయేవాడు సభలు పెట్టినా పోతాడు. మా పద్ధతి ఏమిటంటే, ఏ కూటానికీ ఒకరే నాయకుడు ఉండడు, రెండు నెలలకోసారి మారతారు, కానుక సంచి అక్కడ తిప్పరు. చీలికలు ఎక్కువగా మొదలయ్యేది ఆ సంచి దగ్గరే.

మిగతావి కొన్ని అడుగుతుంటారు. యూట్యూబ్ లైవ్: మంచం మీద ఉన్న వృద్ధులకు పెట్టండి, లేచి రాగలిగినవాళ్ళకు వద్దు. కొత్త సౌండ్ సిస్టమ్, వర్షిప్ టీమ్: డబ్బుంటే కొనుక్కోండి, చల్లబడటానికి అది మందు కాదు. ఉపవాస ప్రార్థనలు ఎలాగూ ఉండాల్సినవే, వాటిని ఈ లెక్కలో కలపకండి.

అలాగని సభలు మానేశామా అంటే, లేదు. వచ్చే జనవరిలో ఒక్క రాత్రి పెడుతున్నాం. చర్చి ఆవరణలోనే, ఉన్న కుర్చీలతోనే, పది గంటలకు మైకు ఆపేసి. ఎఫెసులో ఉన్నప్పుడు బహిరంగంగానూ ఇంటింటా కూడా బోధించానని పౌలు చెప్పుకున్నాడు, అపొస్తలుల కార్యములు 20:20లో. అక్కడ మూడేళ్ళు రాత్రింబగళ్ళు ఉన్నానని కూడా అదే అధ్యాయంలో ఉంది. చీటీలు ఈసారీ తీసుకుంటాం. మరుసటి రోజు పొద్దున నేనూ ఇద్దరు పెద్దలూ కూర్చుని చదివేదాకా ఇంకే పనీ పెట్టుకోవద్దని మాట్లాడుకున్నాం.

నర్సంపేట తమ్ముడికి ఇదంతా ఫోన్‌లోనే చెప్పాను. అంతా విని, "ఇప్పటికే టెంటాయనకు అడ్వాన్స్ ఇచ్చిన్నన్నా" అన్నాడు. సరే, పెట్టు, కానీ సభల తర్వాత పన్నెండు మంగళవారాలు ఇళ్ళకు తిరగడానికి ఖాళీ ఉంచుకో అన్నాను. కాసేపు క్యాలెండర్ తిప్పిన చప్పుడు వినిపించింది. అందులో ఐదు మంగళవారాలు వేరే ఊళ్ళ సభల్లో ఈయనే ప్రసంగీకుడట.