సీటీఎక్స్-ఎమ్ తీసుకోవాలా, ఎన్‌డీఎమ్ తీసుకోవాలా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల టైమ్ వస్తే చాలండి, కాకినాడ, భీమవరం, అమలాపురం పిల్లలందరూ అడిగేది ఒకటే, బీటా లాక్టమేజ్ మీద డాకింగ్ చేద్దామనుకుంటున్నాం, ఏ ఎంజైమ్ తీసుకోమంటారు సార్ అని. బీటా లాక్టమేజ్ అంటే పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్‌లని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఎంజైమ్, సీటీఎక్స్-ఎమ్, ఎన్‌డీఎమ్ అందులో రెండు రకాలు. డాకింగ్ అంటే మందు అణువు ఎంజైమ్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో చూడటం. ఎక్కువమంది మనసు ఎన్‌డీఎమ్-1 మీదే ఉంటుంది. మెరోపెనమ్ లాంటి గట్టి యాంటీబయాటిక్‌ని కూడా విరగ్గొట్టేస్తుంది కాబట్టి ఆస్పత్రుల్లో దానికున్న భయం నిజమైనదే. అయినా నన్నడిగితే సీటీఎక్స్-ఎమ్-15 తీసుకోండి అంటాను.

రెండూ తెంచేది ఈ మందుల్లో ఉండే బీటా లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల రింగునే, తెంచే పద్ధతి వేరు. సీటీఎక్స్-ఎమ్‌లో 70వ చోట ఉన్న సెరిన్ అనే అమైనో ఆమ్లం రింగు మీదకి వెళ్తుంది, మందు కాసేపు ఎంజైమ్‌కి అతుక్కుంటుంది, తర్వాత 166వ గ్లుటమేట్ పక్కనున్న నీటి అణువు వచ్చి విడదీస్తుంది. ఈ ఎంజైమ్‌ని ఆపే క్లావులానిక్ ఆసిడ్, ఆవిబాక్టమ్ పనిచేసేది ఆ అతుకు దగ్గరే, ఎంజైమ్ గాలం మింగిన చేపలా ఇరుక్కుంటుంది. ఎన్‌డీఎమ్‌లో ఆ అతుకే లేదు. రెండు జింక్ అయాన్లు, ఒకదాన్ని మూడు హిస్టిడిన్లు, ఇంకోదాన్ని ఒక ఆస్పార్టేట్, ఒక సిస్టీన్, ఒక హిస్టిడిన్ పట్టుకుంటాయి, మధ్యలో ఉన్న హైడ్రాక్సైడ్ నేరుగా రింగుని కొడుతుంది.

నా మటుకు తేల్చేది ఈ జింకే. పిల్లలు ప్రోటీన్ నిర్మాణాలు దొరికే పీడీబీ డేటాబేస్ నుంచి 3క్యూ6ఎక్స్ అనే ఎన్‌డీఎమ్-1 ఫైల్ దింపుకుంటారు, నీళ్లు తీసేస్తారు, వీడియోలో చెప్పారని హెటెరో అణువులన్నీ, అంటే ప్రోటీన్ కానివన్నీ కూడా తీసేస్తారు, ఫైల్‌లో జింక్ ఉండేది ఆ లైన్లలోనే కదా, రెండూ పోతాయి. పని చేసే భాగమే లేని ఎంజైమ్‌లో పసుపులోని కర్కుమిన్ డాక్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక మంచి స్కోరు ఇస్తుంది, అది తీసి రిపోర్టులో పెట్టేస్తారు, అడిగేవాళ్లుండరు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జింక్ ఉంచినా మామూలు డాకింగ్‌కి లోహంతో బంధాలు సరిగ్గా అంచనా కట్టడం రాదు, దానికి వేరే పారామీటర్లు ఉన్నాయి, అవి వాడటం వస్తేనే అటు వెళ్లండి.

సీటీఎక్స్-ఎమ్‌లో లోహం గొడవ లేదు. అతుకు ఏర్పడటం మామూలు డాకింగ్ చూపించదు, మందు వచ్చి కూర్చోవడం వరకే, ఆ మాట రిపోర్టులో రాయండి. స్కోరు చూసి ఆగిపోకండి, రింగులోని కార్బొనిల్ కార్బన్ 70వ సెరిన్ ఆక్సిజన్‌కి దగ్గరగా వచ్చిందా, కార్బొనిల్ ఆక్సిజన్ 70, 237 నంబర్ల బ్యాక్‌బోన్ ఎన్‌హెచ్‌ల వైపు తిరిగిందా చూడండి. 166 పక్కనున్న నీటి అణువుని మాత్రం చెరపొద్దు. ఇంకాస్త ఓపికుంటే సీటీఎక్స్-ఎమ్-3తో పోల్చండి, 15లో ఉన్న తేడా 240వ చోట ఆస్పార్టేట్ బదులు గ్లైసిన్, అంతే, ఆ ఒక్క మార్పుతో సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌ని తెంచడం బాగా పెరిగింది.

మన ఊళ్లలో జ్వరానికి పొడిచే సెఫ్ట్రియాక్సోన్‌ని విరిచేదీ ఈ సీటీఎక్స్-ఎమ్మే, యూరిన్ కల్చర్‌లో ఈఎస్‌బీఎల్ (చాలా రకాల యాంటీబయాటిక్‌లని తెంచే బీటా లాక్టమేజ్) అని వస్తే చాలాసార్లు వెనకాల ఉండేది ఈ కుటుంబమే.

యాంప్‌సీ, ఆక్సా-48 అనే బీటా లాక్టమేజ్‌లు కూడా సెరిన్‌వే, మొదటి ప్రాజెక్టుకి అక్కర్లేదు.

ల్యాబ్‌లో నైట్రోసెఫిన్ (తెగితే రంగు మారే పదార్థం), సరైన బయోసేఫ్టీ సదుపాయం ఉంటే ఎన్‌డీఎమ్ బాగుంటుంది, లోహాల్ని పట్టేసే ఈడీటీఏ వేస్తే జింక్ లాగేసుకుంటుంది, పసుపు ఎరుపుగా మారడం ఆగిపోతుంది, కళ్లతో చూడొచ్చు.

ఇంకోటి, ఎన్‌డీఎమ్ అజ్‌ట్రియోనమ్ అనే యాంటీబయాటిక్‌ని తెంచలేదు. కానీ ఎన్‌డీఎమ్ ఉన్న బ్యాక్టీరియాలో తరచుగా సీటీఎక్స్-ఎమ్ కూడా ఉండి ఆ మందుని తెంచేస్తుంది, అందుకే 2024లో యూరప్‌లో అనుమతి వచ్చిన మందులో అజ్‌ట్రియోనమ్‌కి ఆవిబాక్టమ్ జోడించారు, అందులో ఆవిబాక్టమ్ ఆపేది ఎన్‌డీఎమ్‌ని కాదు, పక్కనున్న సెరిన్ ఎంజైమ్‌లని.