పోయిన కవి పద్యాలు పుస్తకంగా తేవాలంటే: కడపలో ఒక డీటీపీ షాపు

వర్ధంతి నాటికి కవి పద్యాలను పుస్తకంగా తేవాలనుకునే కుటుంబాలకు, శిష్యులకు కడపలోని ఈ చిన్న డీటీపీ షాపును ధైర్యంగా సిఫారసు చేయొచ్చు. బైండింగ్ దగ్గర మాత్రం పట్టుబట్టాలి.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది పద్యం కూర్పు. పాదానికి 20 అక్షరాలుండే ఉత్పలమాల వృత్తంలో ఒక పాదం ‘పె’ దగ్గర ఆగి, కింది పాదం ‘న్నేటి’తో మొదలైందనుకోండి. చాలాచోట్ల ఆపరేటరు అది తప్పనుకుని ‘పెన్నేటి’ అని పైకి కలిపేస్తాడు. పై పాదానికి 22 అక్షరాలు, కింది పాదానికి 18 మిగులుతాయి, పాదంలో రెండోదిగా ఉండాల్సిన ప్రాసాక్షరం ‘టి’ కూడా పైకి పోతుంది. ఈ షాపులో పాదం జోలికి పోరు. ఎనిమిది గణాల సీసపాదం డెమీ సైజు పుస్తకం పేజీలో 14 పాయింట్ల అక్షరాలకు ఒక వరసలో పట్టదు కాబట్టి, నాలుగో గణం తర్వాత విరిచి రెండో సగాన్ని లోపలికి జరుపుతారు.

అను ఫాంట్లలోని (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పాత ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే అరసున్నలు, బండి ‘ఱ’లు ఎగిరిపోయే ప్రమాదముంది. అందుకే ప్రూఫు ఇద్దరు కూర్చుని చూడాలి, ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి. వృత్తంలో నాలుగు పాదాల రెండో అక్షరంలోని హల్లు కలవలేదంటే ముందు అచ్చుతప్పునే అనుమానించాలి. అడిగి దిద్దుకోడానికి కవి లేడు కదా, ఈ పనిలో తొందర అస్సలు కూడదు. చేతిరాతలో ఒకటి, పత్రికలో ఒకటి ఉంటే రెండూ నిలపాలి. వేమన పద్యాలు 1829లో అచ్చువేయించిన సీపీ బ్రౌన్, ఈ కడపలోనే పండితులను పెట్టి తాళపత్ర ప్రతులు పోల్పించాడు. ఇలా ప్రతుల మధ్య వచ్చే తేడాలు, అంటే పాఠాంతరాలు, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయమంటే షాపువాళ్లు విసుక్కోరు.

కాపీరైటు సాధారణంగా కవి పోయాక 60 ఏళ్ల దాకా వారసులదే. అనుమతి కాగితం చూశాకే పని మొదలుపెడతారు, మంచి పద్ధతి.

ఏమీ చెప్పకపోతే వేడి జిగురుతో అతికించి ఇస్తారు. పద్యాల పుస్తకాన్ని బల్లమీద పరిచి చదువుతారు, నాలుగుసార్లు అలా విప్పితే వీపు పగిలి కాగితాలు ఊడతాయి. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం మీద అచ్చువేసి, 16 పేజీల ఫారాలుగా మడిచి, దారంతో కుట్టించమని ముందే రాయించుకోండి. లోపలి మార్జిన్ ముప్పావు అంగుళానికి తగ్గితే పాదాల మొదటి అక్షరాలు మడతలోకి పోతాయి.

డబ్బు కట్టేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు దిద్దిన యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. లేదంటే రెండో ముద్రణలో మార్పులు చేయాలంటే మళ్లీ మొదటి పద్యం నుంచి టైపు చేయించాల్సి వస్తుంది.