చిరిగిన టర్ఫ్‌కి అతుకు మేలా, కొత్తది మేలా? విశాఖలో ఒక లెక్క, అరకులో ఇంకో లెక్క

మధురవాడ నుంచి గాజువాక దాకా బాక్స్ క్రికెట్ టర్ఫ్ (ప్లాస్టిక్ పోగుల కృత్రిమ గడ్డి మైదానం) నడిపేవాళ్లని ఎవరిని కదిపినా ఇదే మాట: "జాయింట్ లేచిపోయిందండీ, అతికిస్తే ఆగుతుందా, మొత్తం మార్చేయాలా?" జాయింట్ అంటే రెండు టర్ఫ్ ముక్కలు కలిసే చోటు. ఈ మధ్య అరకు, అనంతగిరి వైపు రిసార్టులవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ప్రశ్న ఒకటే గానీ సముద్రం పక్కన చేసే పని కొండ మీద అలాగే చేస్తే డబ్బు వృథా.

ముందు చేత్తో పట్టుకుని చూడండి. ఎండ బాగా పడే చోట నాలుగు పోగులు తీసుకుని రెండు వేళ్ల మధ్య గట్టిగా నలపండి. వేళ్లకి ఆకుపచ్చ పొడి అంటినా, మడిస్తే పోగు చిట్లినా ఆ ప్లాస్టిక్ పని అయిపోయినట్టే. తర్వాత ఒక అంచు ఎత్తి కిందున్న నల్లటి బ్యాకింగ్‌ని గోటితో గీకండి. అది పెచ్చులుగా రాలుతున్నా, లాగగానే పోగులు ఊడొస్తున్నా అక్కడ ఏ గమ్మూ ఆగదు. అతుకు వేసినా దాని పక్కనే చిరుగుతుంది. అలాంటిదాన్ని మార్చడమే మేలు.

పోగు బాగుండి, బ్యాకింగ్ గట్టిగా ఉంటే మాత్రం మార్చమని ఎవరు చెప్పినా తొందరపడకండి. విశాఖలో నేను చూసినవాటిలో చాలావరకు జాయింట్లే లేచాయి, టర్ఫ్ మాత్రం నిక్షేపంగా ఉంది. లేచిన రెండంగుళాలు వదిలేస్తే ఫీల్డర్ల కాళ్లు తగిలి రెండడుగులవుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు.

అతుకు వేసే పద్ధతిలోనే అంతా ఉంది. పాత గమ్ పూర్తిగా గీకేసి, చేరిన ఇసుక ఊడ్చి, రెండు అంచుల్నీ కట్టర్‌తో తిన్నగా కోయాలి. కింద సీమ్ టేపు (రెండు అంచుల్నీ కలిపి పట్టి ఉంచే వెడల్పాటి పట్టీ) పరిచి, రెండు డబ్బాల్లో విడిగా వచ్చే పాలీయురేతేన్ గమ్ కలిపి పళ్లున్న తాపీతో సమంగా పట్టించాలి. అంచులు కలిపేటప్పుడు పోగులు గమ్‌లో పడి అణిగిపోకుండా ఒక మనిషి వాటిని వేళ్లతో పక్కకి తీస్తూనే ఉండాలి. అయ్యాక పైన ఇసుక బస్తాలు పేర్చి, గమ్ డబ్బా మీద రాసినంతసేపూ ఎవర్నీ తొక్కనివ్వకూడదు. సాయంత్రం బుకింగ్ ఉందని తొందరపడి తీస్తే ఆ పని మళ్లీ చేయాల్సిందే.

మన ఊళ్లో చిక్కంతా తేమతోనే. తడి తగిలితే ఈ గమ్‌లో కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగలా పొంగుతుంది, పట్టు పోతుంది. వాయుగుండాల కాలం అక్టోబరు, నవంబరుల్లో ఈ పని పెట్టుకోవద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిన తర్వాత చేయించండి. ఉప్పుగాలి పోగుల్ని పెద్దగా ఏమీ చేయదు గానీ మామూలు ఇనుప మేకుల్ని తినేస్తుంది, అందుకే మేకులు కొట్టి సరిపెట్టే రిపేర్ రుషికొండ, భీమిలి వైపు నిలవదు. పోగుల మధ్య నింపడానికి బీచ్ ఇసుక తెచ్చే ఆలోచన కూడా మానేయండి. అందులో ఉప్పూ గవ్వల ముక్కలూ ఉంటాయి, పైగా తీరం నుంచి ఇసుక తవ్వడం సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలకి విరుద్ధం. కడిగిన సిలికా ఇసుకే వాడాలి.

ఇక అరకు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎత్తు పెరిగే ప్రతి వెయ్యి మీటర్లకి ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి కాబట్టి పోగు కొంచెం త్వరగా వెలుస్తుంది, అంతే. అసలు ఇబ్బంది రాత్రి చలి, మధ్యాహ్నం ఎండ. టర్ఫ్ రోజూ ముడుచుకుని సాగుతుంటే బలహీనమైన జాయింట్ ముందు విడిపోతుంది. చలికి గమ్ కూడా ఆలస్యంగా గట్టిపడుతుంది. విశాఖలో మంచిదన్న డిసెంబరే అక్కడ పనికిరాదు. ఫిబ్రవరి చివర, మార్చిలో, పదకొండు దాటాక మొదలుపెట్టడం మేలు.

కొండమీద ఇంకో సమస్య నీడ. సిల్వర్ ఓక్ ఆకులు రాలి, కుళ్లి, బురదగా మారి బ్యాకింగ్‌లో నీళ్లు దిగే రంధ్రాల్ని పూడ్చేస్తాయి. పాచి పడుతుంది. కింద నీళ్లు నిలిచిన చోట ఎంత మంచి అతుకైనా లేస్తుంది. అలాంటప్పుడు అతుకూ వద్దు, కొత్తదీ వద్దు. ఉన్న టర్ఫ్‌నే చుట్టచుట్టి పక్కన పెట్టి, నేల వాటం సరిచేసి, మళ్లీ పరిపించండి. ఈ మూడో దారి చాలామంది అడగరు, కాంట్రాక్టర్లు చెప్పరు. కొండల్లో నేను ముందు అడిగేది ఇదే.

లేహ్ దగ్గర స్పితుక్‌లో దాదాపు 11,000 అడుగుల ఎత్తులో ఫుట్‌బాల్ టర్ఫ్ ఉంది. అలాంటి చోట ఇసుకలో నీరు గడ్డకట్టడం, గడ్డకట్టిన పోగులు తొక్కితే విరగడం నిజమైన బెంగలు. అరకుకి ఆ జాగ్రత్తలన్నీ అక్కర్లేదు.

నింపడానికి ఇసుకా, రబ్బరు గుళికలా అంటే కొండమీద ఇసుకే అంటాను. పెద్ద వానకి గుళికలు కొట్టుకుపోయి గెడ్డలో కలుస్తాయి. మైక్రోప్లాస్టిక్ అనే కారణంతోనే యూరప్ వాటి అమ్మకాన్ని 2031 నుంచి ఆపాలని 2023లో నిర్ణయించింది. ఊళ్లో ఫుట్‌బాల్ ఆడే చోట పడితే దెబ్బ తగలకుండా రబ్బరు కావాలి, అక్కడ చుట్టూ అంచు కట్టి వాడండి. మే నెల మధ్యాహ్నం ఆ నల్ల గుళికలు కాళ్లు కాలేంత వేడెక్కుతాయి, పిల్లల్ని ఆ వేళ దించకండి.

కొత్తగా వేయించుకునేవాళ్లు అదే రోల్‌లోంచి రెండు మీటర్ల ముక్క అదనంగా అడిగి తీసుకోండి. గదిలో దాచకుండా ఆటకి దూరంగా ఎండలోనే పరవండి. రేపు క్రీజ్ దగ్గర చిరిగితే రంగు అంతే వెలిసిన ముక్క చేతిలో ఉంటుంది. పోగుల వాలు ఎటుందో ఆ ముక్క వెనక బాణం గీసి పెట్టుకోండి, తిరగేసి అతికిస్తే ఫ్లడ్‌లైట్ల కింద అతుకు దూరం నుంచే కనిపిస్తుంది.