పచ్చళ్ల యూనిట్‌కు ఎవరి సలహా మేలు: లైనులో పండినవారిదా, డీఆర్పీదా, ఇంక్యుబేటర్‌దా?

ఇంట్లో పెట్టిన ఆవకాయ చుట్టాలకు నచ్చింది. వాట్సాప్‌లో ఆర్డర్లు మొదలయ్యాయి. నెలకు నలభై, యాభై కిలోలు పోతోంది. ఇక్కడి నుంచి యూనిట్‌గా మారేటప్పుడే చాలామంది తడబడతారు. రుచి కుదరక కాదు, ఎవరి మాట వినాలో తేలక. ఏళ్ల తరబడి పచ్చళ్లు అమ్ముతున్న పెద్దాయన "ముందు సరుకు చూసుకో" అంటారు. ప్రభుత్వ పథకం తరఫున సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్, అంటే డీఆర్పీ, "ముందు లోన్‌కు పెడదాం" అంటారు. ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త వ్యాపారాలకు సలహా, పరిచయాలు అందించే సంస్థలో, మెంటర్ "ముందు బ్రాండ్" అంటారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి సీజన్‌కు లైనులో పండినవారే మేలు. మెషీన్లు, బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి డీఆర్పీ కావాలి. ఇంక్యుబేటర్ అవసరం చాలా యూనిట్లకు మొదటి రెండేళ్లలో రాదు.

లైనులో పండినవారు

వీళ్ల విలువ తెలిసేది లెక్క దగ్గర. కొత్తవాళ్లు కిలో ఆవకాయ ఖరీదు వేసేటప్పుడు మామిడికాయను కొన్న ధరకే రాసుకుంటారు. కిలో 40 రూపాయల చొప్పున 100 కిలోల కాయ తెచ్చారనుకుందాం. తొడిమ, జీడి, లోపలి పొర, మెత్తబడిన కాయలు తీసేశాక 75 కిలోల ముక్క మిగిలితే ముక్క ఖరీదు కిలో 53 రూపాయలు దాటింది. 40 అని రాసుకున్నవాళ్లు ప్రతి కిలో ముక్క మీదా 13 రూపాయలు తెలియకుండానే పోగొట్టుకుంటున్నారు. మీ కాయకు తరుగు ఎంతో మీరే తూకం వేసి రాసుకోవాలి. రకాన్ని బట్టి, కోతను బట్టి అది మారుతుంది. పెద్దాయన మొదట అడిగేది ఈ తరుగు గురించే.

రెండో లెక్క కొరియర్‌ది. చాలా కొరియర్లు బరువును అరకిలో స్లాబుల్లో కడతాయి. కిలో పచ్చడి, డబ్బా, బబుల్ చుట్ట, అట్టపెట్టె కలిపి 1.3 కిలోలు తూగితే బిల్లు 1.5 కిలోలకు వస్తుంది. ఆ మిగిలిన 200 గ్రాముల చోటులో ఒక చిన్న కారప్పొడి ప్యాకెట్ పట్టేస్తుంది, అదనపు ఛార్జీ లేకుండా. ఇలాంటివి ఏ శిక్షణ తరగతిలోనూ అంత తొందరగా వినిపించవు.

సరుకు పాడయ్యేది ఎక్కడో కూడా వీళ్లకే తెలుసు. కాయ కడిగాక ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టకపోతే ఆ తడే బూజు తెస్తుంది. మూడో రోజు తిరగగలిపి, ముక్క మునిగేలా నూనె పైకి తేలిందో లేదో చూడకుండా డబ్బాల్లోకి ఎత్తితే పైముక్కలు నల్లబడతాయి. డబ్బాను అంచుదాకా నింపితే ఎండలో వ్యాన్ ఎక్కిన సరుకు కారుతుంది. మూతకింద కొంచెం ఖాళీ ఉంచి, లోపల ఇండక్షన్ సీల్, అంటే మూతి మీద వేడితో అతికే రేకు పొర, వేయించాలి.

అరువు సంగతి మరీ ముఖ్యం. ఏ కిరాణా షాపు నెలకు కడుతుంది, ఏది మూడు నెలలు తిప్పుతుంది, అమ్ముడుపోని సరుకు ఎవరు వెనక్కి పంపుతారు అన్నది ఏ పోర్టల్‌లోనూ దొరకదు.

లోపాలూ ఉన్నాయి. ఎన్నో ఏళ్లు విడిగా, నగదుకు అమ్మినవారు లేబుల్‌ను తేలిగ్గా తీసుకుంటారు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, నికర బరువు, ఎమ్మార్పీ లేకుండా ప్యాకెట్ బయటికి వెళ్లకూడదు. ముందే ప్యాక్ చేసి అమ్మేవారికి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) కింద ప్యాకర్‌గా నమోదు కూడా కావాలి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. జీఎస్టీ విషయంలో "నలభై లక్షల దాకా అక్కర్లేదు" అన్న మాట ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి సరిపోతుంది, తెలంగాణలో పరిమితి 20 లక్షలే. పైగా పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితులు వర్తించవు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పార్సిల్ వేస్తే అది పక్క రాష్ట్రమే. ఇలాంటివి పెద్దాయనను కాకుండా ఆడిటర్‌ను అడగండి.

ఇంకో జాగ్రత్త. మీ ఊళ్లోనే మీ సరుకే అమ్మేవారిని పట్టుకోవద్దు, ఎంత మంచివారైనా ఇద్దరికీ ఇబ్బంది. వేరే జిల్లావారైనా, పిండివంటలు, అప్పడాల లాంటి దగ్గరి లైనువారైనా మేలు.

డీఆర్పీ

2020 జూన్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో, చిన్న ఆహార యూనిట్ల చేయి పట్టుకుని నడిపించడానికి జిల్లాకు రిసోర్స్ పర్సన్లను పెట్టారు. ప్రాజెక్టు రిపోర్టు, బ్యాంకు దరఖాస్తు, చిన్న పరిశ్రమగా నమోదు చేసే ఉద్యం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జీఎస్టీ అన్నీ వీరి పనిలోకే వస్తాయి. మీరు వీరికి రూపాయి ఇవ్వక్కర్లేదు. పథకం మార్గదర్శకాల ప్రకారం లోన్ మంజూరైన ఒక్కో కేసుకు వీరికి 20,000 రూపాయలు ముడుతుంది. సగం మంజూరు కాగానే, మిగతా సగం రిజిస్ట్రేషన్లు, శిక్షణ పూర్తయి యూనిట్ మొదలయ్యాక.

ఆ లెక్క చూస్తే వీరి బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. లోన్ రావాలన్న పట్టుదల మీకెంతో వారికీ అంతే. కానీ ఎంత లోన్ మీకు తగినది అన్న ప్రశ్నకు వారి దగ్గర జవాబు వెతకకూడదు.

సబ్సిడీ 35 శాతం, గరిష్ఠం 10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం. ప్రాజెక్టు 12 లక్షలైతే మీరు 1.2 లక్షలు పెడతారు, సబ్సిడీ 4.2 లక్షలు. ఆ 4.2 లక్షలు చేతికి వస్తాయనుకునేవారు చాలామంది. రావు. బ్యాంకులోనే ఉండి, మూడేళ్లు ఖాతా సక్రమంగా నడిచి యూనిట్ పనిలో ఉంటే అప్పులో సర్దుబాటవుతాయి. కాబట్టి మొదటి మూడేళ్ల వాయిదాలు సబ్సిడీని లెక్కలోకి తీసుకోకుండానే కట్టగలరా అని చూసుకోండి. పథకాన్ని మొదట 2024-25 వరకు అనుకుని 2025-26 దాకా పొడిగించారు, దరఖాస్తుకు ముందు గడువు ఎంతవరకు ఉందో కనుక్కోవడం తప్పనిసరి.

పచ్చళ్ల యూనిట్లు దెబ్బతినేది మెషీన్ల అప్పు దగ్గర కాదు, మామిడి డబ్బు దగ్గర. ఏడాదికి 3,000 కిలోల ఆవకాయ అమ్మాలంటే, కాయ, కారం, ఆవపిండి, నూనె కలిపి కిలోకు 180 రూపాయలనుకున్నా, 5.4 లక్షలు ఏప్రిల్ నుంచి జూన్ లోపే పెట్టాలి. తిరిగి వచ్చేది పన్నెండు నెలల్లో. రిపోర్టు అంతా మెషీన్ల టర్మ్ లోన్‌తో (వాయిదాల్లో తీర్చే అప్పుతో) నింపేస్తే ఈ డబ్బుకు చోటే ఉండదు, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. అందుకే డీఆర్పీని అడగాల్సిన మొదటి మాట: "క్యాష్ క్రెడిట్ లిమిట్ (సరుకు కొనడానికి కావలసినప్పుడు వాడుకుని తిరిగి కట్టే బ్యాంకు పరిమితి) కూడా పెట్టించగలరా?" రెండోది తేదీ. ఆగస్టులో మంజూరైన లోన్‌కు వాయిదాలు నడుస్తుంటాయి, మామిడి మళ్లీ వేసవికి గానీ రాదు. నవంబరుకల్లా కాగితాలు బ్యాంకుకు చేరితే మార్చికి సిద్ధంగా ఉండే అవకాశం ఉంటుంది.

మెషీన్ల జాబితాను మాత్రం సంతకానికి ముందు పెద్దాయనకు చూపించండి. ఆటోమేటిక్ ఫిల్లింగ్ మెషీన్ గోంగూర, టమాటా, అల్లం పచ్చళ్లకు బాగానే పనిచేస్తుంది. టెంకతో ఉన్న ఆవకాయ ముక్క దాని నాజిల్‌లో అడ్డం పడుతుంది. చివరికి ఆవకాయ చేత్తోనే నింపి, మెషీన్‌కు మాత్రం వాయిదా కడుతూ ఉంటారు. ముక్కలు కొట్టే మెషీన్, పొడి కొట్టే పల్వరైజర్, సీలింగ్ మెషీన్, మంచి తూకం ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. ఉసిరి శీతాకాలంలో, పండుమిర్చి సంక్రాంతి తర్వాత వస్తాయి కాబట్టి కూలీలకు, మెషీన్లకు మామిడి లేని నెలల్లోనూ పని దొరుకుతుంది. ఈ క్యాలెండర్ కూడా రిపోర్టులోకి ఎక్కాలి.

ఇంక్యుబేటర్

తెలంగాణ ప్రభుత్వం మహిళల కోసం 2018 మార్చి 8న మొదలుపెట్టిన వీ హబ్, చిరుధాన్యాల సరుకుకు రాజేంద్రనగర్‌లోని న్యూట్రిహబ్ మంచి సంస్థలు. పచ్చడి ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్ష చేయించాలన్నా, పెద్ద రిటైలర్ల దగ్గర కూర్చుని మాట్లాడాలన్నా, అమెరికాలోని తెలుగువారికి కొరియర్ దాటి కంటైనర్ మీద పంపాలన్నా ఇలాంటి చోట్ల దొరికే పరిచయాలు పెద్దాయన దగ్గర దొరకవు. కానీ నెలకు యాభై కిలోల దశలో వెళితే, మీ వారాలన్నీ ప్రెజెంటేషన్ తయారీకే పోతాయి. నెలనెలా అమ్మకం, కిలోకు లాభం, మళ్లీ కొన్నవారి సంఖ్య, ఈ మూడూ కనీసం ఏడాదివి చేతిలో ఉన్నాక వెళ్లండి. మీ వ్యాపారంలో వాటా అడిగే కార్యక్రమమైతే కాగితం చదవకుండా సంతకం వద్దు.

పల్లెల్లో ఉన్నవారికి ఈ మూడింటికంటే ముందు మెట్టు ఒకటుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో, అంటే ఆర్‌సెటీల్లో, శిక్షణ, భోజనం, వసతి ఉచితం, తర్వాత రెండేళ్లు వాళ్లే కనిపెట్టుకుని ఉంటారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది నిజంగా మంచి దారి.

లోన్‌లో శాతం అడిగే ప్రైవేటు కన్సల్టెంట్ల దగ్గరికి వెళ్లకండి. ఎక్కువ లోన్ వస్తే వారికి ఎక్కువ, మీకు వాయిదా ఎక్కువ. ఫీజు ఇవ్వక తప్పదనుకుంటే పనికింత అని మాట్లాడుకోండి: లేబుల్ సరిచూడటానికి ఇంత, రిపోర్టుకు ఇంత, డబ్బు పని చేతికి అందాక.

ఎవరి దగ్గరికి వెళ్లినా నెలకో గంట చాలు. ఒక్క కాగితం పట్టుకెళ్లండి: ఎన్ని కిలోలు అమ్మారు, కిలోకు ఎంత పడింది, బయట ఎంత బాకీ ఉంది, డ్రమ్ముల్లో ఎంత సరుకు ఉంది. కింద ఒకే ఒక ప్రశ్న రాయండి. పోయిన నెల ఇచ్చిన సలహా అమలు చేశారో లేదో, చేయకపోతే ఎందుకో పై వరసలోనే ఉండాలి. ఆ వరస చూసినప్పుడే పెద్దాయన అయినా, డీఆర్పీ అయినా, తమ సమయం వృథా కావడం లేదని నమ్మి మళ్లీ నెల పిలుస్తారు.