మసక ఫొటోలు: తప్పు చోటుదా, లెన్స్‌దా?

యాత్రలో ఫొటోలు మసకగా వస్తే అనుమానం ముందు లెన్స్ మీదికే పోతుంది. కానీ చాలాసార్లు తప్పు ఆ చోటుది, లేదా దిగిన బసది. ఒక్కో చోటు ఫొటోను ఒక్కో తీరుగా చెడగొడుతుంది. ఆ తీరు గుర్తుపడితే అనవసరపు సర్వీస్ ఖర్చు తప్పుతుంది.

కెమెరాకి అన్నిటికంటే కఠినమైనది సముద్రతీరం. ఉప్పు తుంపర ముందు గాజు మీద పొరలా పేరుకుంటుంది. ఫొటో అంతా తెల్లబారి, నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది. సూర్యుడికి ఎదురుగా తీస్తే మరీను. పొడిగుడ్డతో రుద్దితే అంటుకున్న ఇసుక గాజును గీస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊదండి. తర్వాత క్లీనింగ్ ద్రవం ఒకటి రెండు చుక్కలు లెన్స్ మీద కాకుండా మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి, మధ్య నుంచి అంచుకు సున్నాలు చుడుతూ తుడవండి. యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే పల్చని గాజు) నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మిగతా చోట్ల, ముఖ్యంగా రాత్రి దీపాల ముందు, తీసేయడమే మేలు. నాసిరకం ఫిల్టరైతే అదే మసకకు కారణం కావచ్చు.

కొండమీద దూరపు వరుసలు పాలిపోయి నీలంగా కనిపిస్తే లెన్స్‌ని ఏమీ అనకండి. అదే ఫొటోలో దగ్గరి కొమ్మ స్పష్టంగా ఉంటే, అది గాలిలోని తేమ, ధూళి చేసిన పని. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్తే కొండ వేరుగా కనిపిస్తుంది. సూర్యుడు పక్కనున్నప్పుడు పోలరైజర్ (మెరుపును, పొగమసకను తగ్గించే ఫిల్టర్) కొంత సాయపడుతుంది.

ఎండకు కాలిన మైదానం మోసం ఇంకో రకం. 300 మి.మీ. లెన్స్‌తో దూరాన ఉన్న జంతువును వరుసగా పది ఫొటోలు తీస్తే, ఒక్కోదాంట్లో ఒక్కో భాగం వంకర్లు పోతుంది. అది వేడిగాలి అలల పని. షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా పూర్తిగా పోదు. దగ్గరికి వెళ్లాలి, లేదా తెల్లవారుజామున రావాలి.

తేమ ప్రాంతాల్లో బాగా చల్లబరిచిన ఏసీ గది కంటే, గాలి ఆడే ఫ్యాను గది కెమెరాకు హాయి. చల్లటి గదిలోంచి ఉక్కపోతలోకి తెస్తే గాజు మీద నీటిపొర కమ్ముతుంది. ఏసీ తప్పదంటే, గదిలో ఉండగానే కెమెరాను గాలి చొరని జిప్ కవర్లో మూసి, బయట అరగంట నుంచి గంటసేపు అలాగే ఉంచి తీయండి. పొర కమ్మినప్పుడు లెన్స్ ఊడదీయకండి, తేమ లోపల ఫొటోను పట్టే సెన్సార్ మీదికి చేరుతుంది.

గది గోడకు మంచి ఉపయోగం ఉంది. వార్తాపత్రిక అంటించి, ట్రైపాడ్ మీద కెమెరాను దానికి సూటిగా పెట్టండి. స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సదుపాయం) ఆపి, ఐఎస్ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100కి, టైమర్ రెండు సెకన్లకు పెట్టండి. లెన్స్‌కున్న అతి పెద్ద ఎపర్చర్‌లో (కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) ఒకటి ఆటోఫోకస్‌తో, ఇంకొకటి లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేసి తీయండి. రెండోదే స్పష్టంగా ఉంటే గాజు బాగుంది, ఫోకస్ తప్పుతోంది. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌ కెమెరాలలో ఇది ఎక్కువ, చాలావాటిలో మెనూలోనే సరిదిద్దుకోవచ్చు. ఎఫ్ 8 దగ్గర కూడా ఒకవైపు అంచు మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగినట్టు అనుమానించాలి. ఎఫ్ 16, 22 దగ్గర అంతా మెత్తబడటం రోగం కాదు, డిఫ్రాక్షన్: చిన్న రంధ్రంలోంచి వచ్చేటప్పుడు కాంతి చెదరడం.

ఇవన్నీ సరిగ్గా ఉండి, చేత్తో పట్టి తీసినవే మసకగా ఉంటే అది వణుకు. 200 మి.మీ. లెన్స్‌కు కనీసం సెకనులో 200వ వంతు షట్టర్ ఉండాలి. చిన్న సెన్సార్ అయితే 320వ వంతు.

ఇక సర్వీస్. ఎపర్చర్ పూర్తిగా తెరిచి వెనుక నుంచి టార్చ్ వేస్తే, సాలీడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, పాలపొరలా ఉంటే లోపలి మసక. రెండూ బయట తుడిస్తే పోవు. దారిలో తగిలిన దుకాణంలో లెన్స్ విప్పించకండి: తిరిగి బిగించేటప్పుడు గాజుల కేంద్రం వెంట్రుకవాసి తప్పినా అంచులు పోతాయి. సెన్సార్ మీది దుమ్ము తుడిపించడం వరకు పనితనం తెలిసినవాళ్లు ఎక్కడైనా పర్వాలేదు. ఫోకస్ సరిచేయించాలంటే బాడీ, లెన్స్ రెండూ ఇచ్చి, గోడ పరీక్ష ఫొటోలు కూడా జతచేయండి. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే అదే పరీక్ష మళ్లీ చేయండి.